ఈక ఆట

1998 జనవరి 1, గురువారం

లా పుస్తకాల దుకాణం వాళ్ళు వామన్‌రావు సార్‌కు నాలుగు డైరీలిస్తే అందులో ఒకటి నాకిస్తారు. ఏటా అది మా అమ్మాయి లోయిస్ బొమ్మలేసుకోవడానికి పోతుంది. ఈసారి ఇవ్వను. పదకొండేళ్ళ పిల్లకు ఇంకా బొమ్మలేమిటని కోప్పడి బీరువాలో దాచేశాను. పాపం, అది అడగనైనా లేదు.

డైరీ ఎందుకంటే, నిన్న చాపెల్ రోడ్డు డాక్టరు "ఎప్పట్నుంచి?" అని అడిగాడు. "ఈ మధ్యనే" అన్నాను. "చదువుకున్నవారు, తేదీ చెప్పలేరా?" అన్నాడు. నాంపల్లిలో వకీలు ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా ఇతరుల తేదీలు టైపు కొడుతున్నదాన్ని. ఆ మాట మనసులో గుచ్చుకుంది. అందుకని రాస్తున్నాను.

డిసెంబర్ 22. క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు వేస్తున్నాను. కాగే నూనెలో అచ్చు ముంచి తీస్తుంటే లోయిస్ "మమ్మీ, నీ వేలు!" అని అరిచింది. చూస్తే ఎడమచేతి చిటికెన వేలు అచ్చు కాడకు ఆనుకుని ఉంది. అప్పటికే బొబ్బ లేస్తోంది. నొప్పి లేదు. మా ఆయన హెర్బర్ట్ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "మా కృపకు ఓపిక జాస్తి" అని చెప్పుకున్నారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కదా, దేన్నైనా ఒక జవాబు కింద గీత గీసి ముగించేస్తారు.

డాక్టరు బొబ్బ చూసి పూత మందు రాశాడు. "నొప్పి లేదంటే మంచిదే కదమ్మా" అన్నాడు.

జనవరి 4, ఆదివారం

బొబ్బ మానింది. నేను అనవసరంగా డైరీ మొదలుపెట్టాను.

జనవరి 19, సోమవారం

సెషన్స్ కోర్టులో వేయాల్సిన పిటిషన్. ఒరిజినల్, దాని కింద నాలుగు కార్బన్లు. కొట్టి ఇచ్చాను. పది నిమిషాలకు వామన్‌రావు సార్ నాలుగో కాపీ పట్టుకుని నా టేబుల్ దగ్గరకే వచ్చారు.

"కృపమ్మా, ఏంది గిది? ఎ లన్నీ ఏడవోయినయ్? జడ్జి సాబ్ నా మొఖం మీద కొడ్తడు."

చూశాను. మిగతా అక్షరాలన్నీ ఉన్నాయి. ఎ ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ. క్యూ కూడా కనిపించీ కనిపించనట్టుంది. పేజీ నిండా చెదలు తిన్నట్టు చిల్లులు.

"మిషన్ పాడైంది సార్" అన్నాను.

ఎ, క్యూ, జెడ్, మూడూ ఎడమచేతి చిటికెన వేలు కొట్టే అక్షరాలు. చేత్తో కొట్టే మిషన్ మీద వేలి బలం ఎంతో నాలుగో కార్బన్ చెబుతుంది. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకునేటప్పుడు మా సార్ మొదటి రోజే చెప్పిన పాఠం ఇది. అయినా మిషన్ పాడైంది.

జనవరి 20

రాజనర్సు వచ్చాడు. స్టేషన్ రోడ్డులో టైపు మిషన్లు బాగుచేసే మెకానిక్. కంప్యూటర్లొచ్చి తన బతుకు ఆగమైందని తిట్టుకుంటూ ఎ మీట విప్పి, తుడిచి, నూనె వేశాడు. "మంచిగనే ఉన్నదమ్మా" అన్నాడు. "మంచిగుంటే అక్షరం పడదా?" అని కసిరాను. కొత్త స్ప్రింగు వేసి పోయాడు.

జనవరి 21

పడలేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

బషీర్‌బాగ్‌లో ఎముకల డాక్టరు. హెర్బర్ట్ స్కూలుకు సెలవు పెట్టి వచ్చారు. రెండు గంటలు కూర్చుంటే లోపల నాలుగు నిమిషాలు.

"ఏం పని చేస్తారు?"

"టైపిస్టునండీ. చిటికెన వేలు..."

"టైపిస్టు" అని రాసుకున్నాడు. తర్వాత నేనేం చెప్పినా వినలేదు. టైపిస్టు అనగానే ఆయనకు జవాబు దొరికిపోయింది. "మెడ ఎముకలు అరిగి ఉంటాయి. అందరు టైపిస్టులకూ ఉండేదే. ఎక్స్‌రే తీయించండి, కాలర్ పెట్టుకోండి."

"వేలికి స్పర్శ లేదండీ" అన్నాను. చేయి టేబుల్ మీద పెట్టాను కూడా. ఆ చేతి పక్క నుంచే కాగితం చింపి హెర్బర్ట్‌కు ఇచ్చాడు.

ఇంటికొచ్చే దారిలో హెర్బర్ట్ కాలర్ కొనిచ్చారు. ఇప్పుడు నేను ఎవరినీ పక్కకు తిరిగి చూడలేను. పెద్ద ఆఫీసరులా ఉన్నానట, లోయిస్ నవ్వింది.

ఫిబ్రవరి 14

మెడ బాగుంది. అది ముందూ బాగానే ఉంది.

ఫిబ్రవరి 27

ఉంగరం వేలికి కూడా.

మార్చి 9, సోమవారం

రాజనర్సు మళ్ళీ. ఈసారి నన్ను లేవమని తనే కూర్చున్నాడు. ఐదు కాగితాలు, నాలుగు కార్బన్లు పెట్టి ఎడమ చిటికెన వేలితో ఎ ని ఒక లైను నిండా కొట్టాడు. అన్నం తిన్న వేలు అలా కొడుతుంది. నాలుగో కాపీ తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. ఇరవై ఎ లు, నల్లగా.

"మిషన్ల నుక్స్ లేదమ్మా" అని, కాగితం నాకందిస్తూ, "జర నీ చెయ్యి మంచి డాక్టర్‌కు సూపెట్టుకో" అన్నాడు.

ఆ మాటకు నాకు పుట్టిన కోపం చెప్పలేను. నువ్వు మెకానిక్కువి, మెకానిక్ పని చూసుకో అనేశాను. అతను చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ముగ్గురిలో నా చేతిని తేరిపార చూసిన వాడు అతనొక్కడే.

మార్చి 20, శుక్రవారం

లక్డీకాపూల్. నరాల డాక్టరు. చాలా పెద్ద పేరు, గోడ నిండా ఫోటోలు. నేను ఈ డైరీ పట్టుకెళ్ళాను. తేదీలన్నీ చదివి వినిపిద్దామనుకున్నాను. డిసెంబర్ 22 దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవన్నీ రాసుకుంటున్నారా?" అని నవ్వాడు. హెర్బర్ట్ వైపు తిరిగాడు. "ఇంట్లో ఏమన్నా టెన్షనా మాస్టారూ? ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలే. చిన్నదాన్ని పెద్దది చేసుకుంటారు."

హెర్బర్ట్ "కొంచెం ఆలోచన ఎక్కువ సార్" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. కుర్చీలో, ఆయన పక్కనే.

చివర్లో కాగితం మీద ఏదో నింపుతూ అడిగాడు. "మీ పుట్టింట్లో ఎవరికన్నా నరాల జబ్బులు, చర్మం జబ్బులు, ఏమైనా?"

"లేదండీ. మా అమ్మ నర్సు."

అడిగినదానికి అది జవాబు కాదు. ఆయన గమనించలేదు. నిద్రపట్టే మాత్రలు రాశాడు. నాకు నిద్ర పడుతూనే ఉంది.

మార్చి 22, ఆదివారం

నర్సు అనడం అబద్ధం కాదు. అమ్మ అక్కడ కట్లు కట్టేది. కట్లు కట్టేవాళ్ళను నర్సులనే అంటారు.

ఏప్రిల్ 5, ఆదివారం

మొదటి ఆదివారం, ప్రభు భోజనం. మా చర్చిలో గిన్నె ఒక్కటే, అందరి పెదవులూ దానికే. నేను లేవలేదు. కాళ్ళు పీకుతున్నాయన్నాను. మా పెద్దాడపడుచు మాబెల్ వదిన ముందు బల్లలోంచి వెనక్కి తిరిగి నన్ను చూసింది. గిన్నె దగ్గరకు రానివాళ్ళంటే ఏదో పాపం మూటగట్టుకున్నవాళ్ళని ఆవిడ లెక్క.

ఎందుకు లేవలేదో నాకూ తెలియదు.

ఏప్రిల్ 10, గుడ్‌ఫ్రైడే

మూడు గంటల ఆరాధన నుంచి వచ్చి హాల్లో నిలబడి ఉంటే హెర్బర్ట్ గోడ మీది మా పెళ్ళి ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "అచ్చం మీ అమ్మ లెక్కనే నిలబడ్డవ్ కృపా" అన్నారు ముచ్చటగా.

ఫోటోలో అమ్మ చివరన ఉంటుంది. కుడిచెయ్యి కొంగులో. ఎప్పుడూ అంతే. వేడినీళ్ళు పడి వేళ్ళు వంకర పోయాయని చెప్పేది, ఎవరడిగినా. అడక్కపోయినా.

నా ఎడమచెయ్యి కొంగులో ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు. తీసేశాను.

ఏప్రిల్ 26, ఆదివారం

అమ్మ గుర్తొచ్చింది, మంచి సంగతే. ఆదివారం చర్చికి వెళ్ళే ముందు మా ఇంట్లో ఒక ఆట ఉండేది. నన్నూ జాబెజ్ అన్ననూ అరుగు మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనేది. కోడి ఈకతో చేతుల మీదో, కాళ్ళ మీదో, వీపు మీదో అలా తాకించేది. ఎక్కడ తగిలిందో వేలుపెట్టి చూపించాలి. అన్నీ సరిగ్గా చెబితే బెల్లం ముక్క. అన్న వేళ్ళ సందుల్లోంచి చూసి దొంగాట ఆడేవాడు. మామూలుగా చెయ్యెత్తని మనిషి, అప్పుడు మాత్రం వాడిని చెంప మీద కొట్టింది ఒకసారి. తర్వాత ఆవిడే ఏడ్చింది.

ఆట అయ్యాక మా మోచేతుల వెనక బొటనవేలితో వెతికేది, పప్పులో రాళ్ళు ఏరినట్టు. ఏం వెతుకుతున్నావమ్మా అంటే "ఏం లేదు బిడ్డా, ఏం లేదు" అనేది, ఆనందంగా.

ఇది మంచి సంగతి. మంచి సంగతిగానే రాద్దామని కూర్చున్నాను.

మే 17, ఆదివారం

అన్న మెదక్ నుంచి మామిడిపళ్ళ బుట్టతో వచ్చాడు. డిపోలో కండక్టరు కదా, బస్సంతా తనదే అన్నట్టు సామాను తెస్తాడు. వంటింట్లో నా చేయి చూశాడు. రెండు వేళ్ళూ కాస్త లోపలికి ముడుచుకుంటున్నాయి. చాపమంటే పూర్తిగా చాపలేను.

"డాక్టర్లకు అమ్మ సంగతి చెప్పినవా?"

"ఏం సంగతి? నర్సని చెప్పిన."

"కృపా!"

"ఆయన హాల్లనే ఉన్నరు అన్నా."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అది మా అమ్మ మాకు నేర్పిన ఒకే ఒక్క సామెత. అన్న గొంతు తగ్గించాడు. అన్నం తిని, చేయి కడుక్కుని, పోతూ పోతూ గడప దగ్గర "నాయి నేను నెలకోపారి చూసుకుంట" అని తన మోచేయి నొక్కి చూపించాడు. పాలు పొంగుతున్నాయని లోపలికొచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు.

జూన్ 8, సోమవారం

నాలుగో డాక్టరు. ఆబిడ్స్‌లో పోస్టాఫీసు దగ్గర, లేడీ డాక్టరు. ఆడమనిషైతే వింటుందని మాబెల్ వదిన పంపింది. విన్నది. నెలసరి గురించి విన్నది. ఆగిపోయే వయసు, ఒంట్లో రక్తం లేదు, బలం మందు తాగాలి. వేళ్ళు వంగుతున్నాయి చూడండి అంటే "టైపు తగ్గించండి" అంది.

టైపు తగ్గిస్తే నేనేం చేయాలి? ఇంట్లో రెండు జీతాలు వస్తేనే లోయిస్ ఈ స్కూల్లో ఉంటుంది. అది ఒక కారణం. అసలు కారణం వేరే. నిమిషానికి అరవై మాటలు కొట్టేదాన్ని, తప్పు లేకుండా. ఈ లోకంలో నేను అందరికంటే బాగా చేసే పని అదొక్కటే. అది పోతే నేను ఎవరినో నాకు తెలియదు.

ఎ ని ఉంగరం వేలితో కొట్టడం అలవాటు చేస్తున్నాను. అదీ తేలిపోతోంది. మధ్యవేలితో కొడితే నల్లగా పడుతుంది. స్పీడు నలభై.

జూన్ 30

ముప్పై ఐదు. వామన్‌రావు సార్ ఏమీ అనడం లేదు. అనకపోవడమే భయంగా ఉంది.

జూలై 15, బుధవారం

ఈరోజు జరిగింది రాయాలో వద్దో.

పింఛను కేసు మీద ఒక ముసలాయన వచ్చాడు. పేరు బిచ్చయ్య. సైకిల్ మీద ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, సర్వీసు సరిగ్గా లెక్క వేయలేదని పిటిషన్. వామన్‌రావు సార్ చెబుతుంటే కొట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ శాఖలో చేశాడో మొదటి పేరాలోనే ఉంది. నా వేళ్ళు ఆ మాట దగ్గర ఆగాయి. సార్ "ఏమైంది కృపమ్మా?" అన్నారు. రిబ్బన్ చిక్కుకుందన్నాను.

సార్ లోపలికి వెళ్ళాక సంతకాల కోసం కాపీలు అందించాను. ముసలాయన కాగితాలు చూడలేదు. నా చెయ్యి చూస్తున్నాడు.

"ఎన్నొద్దులాయె బిడ్డా, వేళ్ళు గిట్ల వంగవట్టి?"

"మెడ ఎముకలు అరిగినయంట."

"ఔ, ఎవలు చెప్పిన్రు? డాక్టర్లేనా?" నవ్వాడు. వెటకారం కాదు, అలసట. "జర మోచెయ్యి ఇట్ల తే బిడ్డా. నేను డాక్టర్ని గాదు. గానీ ముప్పై ఏండ్లు కుష్టు డిపార్ట్‌మెంట్ల ఊరూరు తిరిగి మోచేతులే పట్టిన."

నేను చెయ్యి కొంగులోకి లాక్కున్నాను. "నన్నెవరనుకుంటున్నరు మీరు? మేం సదువుకున్నోళ్ళం. మాయి గట్లాంటి ఇండ్లు గావు" అన్నాను. గొంతు ఎంత లేచిందంటే సార్ తలుపు తీసి చూశారు.

బిచ్చయ్య లేచాడు. తిట్టినా తిట్టించుకోవడం అలవాటున్న మనిషిలా ఉన్నాడు. "గదేం ఇండ్లు చూసి రాదు తల్లీ" అన్నాడు మెల్లిగా. "మందున్నది. సర్కారు దవాఖానల ఊకెనే ఇస్తరు. తొందరగ పోతే వేలు దక్కుతది. లేటయితే పానం దక్కుతది గని వేలు దక్కదు."

జూలై 16

మా ఇల్లు అలాంటిదే.

జూలై 19, ఆదివారం

ఒక్కసారి రాసి చూస్తాను. తర్వాత చింపేస్తే పోయె.

అమ్మ అక్కడికి నర్సుగా వెళ్ళలేదు. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న బండిలో తెచ్చి మిషన్ దవాఖాన గేటు దగ్గర దించి, నీళ్ళు తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. జానకమ్మ అన్న పేరు తప్ప ఇంటి నుంచి ఏదీ తెచ్చుకోలేదు. పాస్టరు పేరు మార్చుకోమన్నా మార్చుకోలేదు. బాగయ్యాక అక్కడే కట్లు కట్టింది, అక్కడే వడ్రంగి పనిచేసే నాన్నను చేసుకుంది, మమ్మల్ని కన్నది. నా పెళ్ళి కుదిరినప్పుడు నా చేతిని తన ఎడమచేతిలో పెట్టుకుని "నర్సని చెప్పు బిడ్డా, వాళ్ళకు ఇంకేం చెప్పకు" అంది.

చెప్పలేదు. పదమూడేళ్ళు చెప్పలేదు. ఆవిడ మట్టిలో కలిసి ఎనిమిదేళ్ళైంది, ఇంకా ఆవిడ చెయ్యి కొంగులోనే పెట్టి ఉంచాను.

డాక్టర్లను తిడుతూ ఇన్ని పేజీలు నింపాను. వాళ్ళు అడగలేదు, ముట్టుకోలేదు, నిజమే. అడిగిన ఒక్కడికి నేనేం చెప్పాను?

చింపలేదు.

ఆగస్టు 2, ఆదివారం

పొద్దున హెర్బర్ట్ పాఠశాల పిల్లలతో ముందే చర్చికి వెళ్ళారు. లోయిస్ షటిల్ కాక్ ఒకటి ఊడిపోయి ఈకలు నేల మీద పడున్నాయి. ఒకటి తీశాను.

"లోయిస్, ఇటు రా. ఒక ఆట నేర్పిస్త."

ముందు దానికి. కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. రెండు చేతులు, రెండు కాళ్ళు, వీపు, చెంపలు. పద్దెనిమిది చోట్ల. నేను ఊపిరి పట్టుకుని ఉన్నాను, అది కిలకిల నవ్వుతోంది. పద్దెనిమిదీ సరిగ్గా చూపించింది. దాని మోచేతుల వెనక కూడా వెతికాను. "ఏం చూస్తున్నవ్ మమ్మీ?" అంది. "ఏం లేదు" అన్నాను.

"ఇప్పుడు నీ వంతు" అంది. వద్దంటే వినలేదు. కళ్ళు మూసుకున్నాను. కుడిచెయ్యి తెలిసింది. కుడిచెయ్యి మళ్ళీ. చెంప. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎడమచేతి వంతు వచ్చి ఉంటుందని అర్థమైంది. పిల్ల ముందు ఓడిపోవడం ఎందుకని మణికట్టు దగ్గర వేలు పెట్టి "ఇక్కడ" అన్నాను.

"ఇంకా పెట్టనే లేదు మమ్మీ!" అని పగలబడి నవ్వింది.

కళ్ళు తెరిచాను. తర్వాత పెట్టింది, నేను చూస్తుండగా. చిటికెన వేలి మీద, అరచేతి అంచు మీద, అక్కడి నుంచి ముంజేయి లోపలి వైపు పైకి. ఈక కదలడం కనిపిస్తోంది. అది నా చెయ్యి కానట్టుంది.

చర్చికి వెళ్ళలేదు.

ఆగస్టు 5, బుధవారం

హెర్బర్ట్‌కు చెప్పాను. అన్నీ. నిలబడి చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

చాలాసేపు ఫోటో వైపు చూశారు. "పదమూడేండ్లు" అన్నారు. "మా అక్కకు, మా అమ్మకు, స్కూల్ల అందరికి నేనే చెప్పిన గదా, మా అత్తమ్మ మిషన్ నర్సని. గొప్పగ చెప్పిన."

"చెప్తే చేసుకునేటోళ్ళా?"

ఆయన మంచం మీది దుప్పటీ దిండూ తీసుకున్నారు. అదే జవాబు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అమ్మ మీదా, ఆయన మీదా, నా మీదా.

పక్క హాల్లో వేసుకున్నారు.

ఆగస్టు 6

గ్లాసు కూడా వేరే తీసుకున్నారు. నేను చూడనప్పుడు తీసుకుందామనుకున్నారు, చూశాను.

ఆగస్టు 10, సోమవారం

"రేపు సెలవు రాసిచ్చిన" అన్నారు హెర్బర్ట్, టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, నా వైపు చూడకుండా. "తొమ్మిదింటికల్లా తయారుండు."

ఆగస్టు 11, మంగళవారం

సర్కారు దవాఖాన. పేరు రాయను, ఎవరైనా ఈ డైరీ చూస్తే. చర్మం విభాగం ముందు పెద్ద లైను. హెర్బర్ట్ లైనులో నిలబడ్డారు, నాకు ఇద్దరు మనుషుల ఎడంలో.

డాక్టరు పేరు నళిని. చిన్న వయసు. తలెత్తకుండా అడిగింది.

"ఒంటి మీద మచ్చలున్నాయా?"

"లేవమ్మా. చిటికెన వేలు..."

"మచ్చలు లేకపోతే ఇక్కడికెందుకొచ్చారు? ఆర్థోకి వెళ్ళండి, పన్నెండో నంబరు. ఏం చేస్తారు మీరు?"

"టైపిస్టును."

"ఆఁ, టైపిస్టులకి మెడ..."

అదే మాట. బషీర్‌బాగ్ మాట, ఆ స్వరంతో సహా. నా చీటీ అప్పటికే పక్కన పెట్టి తర్వాతి మనిషి కోసం చెయ్యి చాపింది. వెనకవాళ్ళు తోస్తున్నారు. లేచిపోదామనుకున్నాను. ఆ క్షణంలో అది ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. ఐదుగురు డాక్టర్లూ లేదన్నారు, నేనేం చేయను, అని ఇంటికి పోవచ్చు. కాలర్ పెట్టుకోవచ్చు.

"మా అమ్మకు ఉండె" అన్నాను.

"ఏముండె?"

హెర్బర్ట్ వెనకాలే ఉన్నారు. లైనంతా వెనకాలే ఉంది.

"కుష్టు. మిషన్ దవాఖానలనే పెరిగింది. నేను గాడ్నే పుట్టిన."

ఆ అమ్మాయి తలెత్తింది. మొదటిసారి నా ముఖం చూసింది. కలం మూసి, లేచి, టేబుల్ చుట్టూ తిరిగి నా దగ్గరకు వచ్చింది. నా మోచేయి వంచి పట్టుకుని, ఎముక వెనక బొటనవేలితో వెతికింది. సరిగ్గా అమ్మ వెతికే చోట. ఆగింది. అటూ ఇటూ జరిపింది. లోపల తాడు లాంటిది కదలడం నాకే తెలిసింది.

అరనిమిషం పట్టింది. ఎనిమిది నెలల్లో అరనిమిషం.

"ఎప్పట్నుంచమ్మా?" అంది.

బ్యాగులోంచి ఈ డైరీ తీసి ముందు పెట్టాను. కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. లైను అలాగే నిలబడి ఉంది. ఎవరో గొణిగారు, హెర్బర్ట్ వెనక్కి తిరిగి "జర ఆగుండ్రి" అన్నారు.

"జనవరిలో వచ్చి ఉంటే" అని డాక్టరమ్మ మొదలుపెట్టి ఆపేసింది.

"వేలు?"

"మందుతో జబ్బు పోతుంది. పక్కాగా పోతుంది. మందు మొదలుపెట్టాక మీ నుంచి ఎవరికీ రాదు, గ్లాసులూ కంచాలూ వేరు చేయక్కర్లేదు." ఇది హెర్బర్ట్ వైపు చూసి చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది. "మోచేతి దగ్గర నరం వాపుకీ మాత్రలిస్తాను. కానీ వేలి బలం తిరిగొస్తుందని మాటివ్వలేను. ఆరు నెలలు దాటింది." తర్వాత, కొంచెం తగ్గి, "నేను కూడా పంపించేసేదాన్నే" అంది.

అంది కాబట్టి ఆమెను క్షమించాను. మిగతా నలుగురినీ క్షమించలేదు. క్షమించాలని చర్చిలో చెబుతారు, తర్వాత చూద్దాం.

మీ అమ్మ నుంచే వచ్చిందా అంటే ఎవరూ చెప్పలేరట. ఊళ్ళో ఎవరి నుంచైనా రావచ్చట. ఇంట్లో మిగతా ఇద్దరినీ చూపించాలి, ఇప్పుడూ, కొన్నేళ్ళ పాటూ.

ఆగస్టు 12

మొదటి మోతాదు. ఒంటికి కుంకుమ నీళ్ళలా ఎర్రగా పోయింది. భయపడొద్దని ముందే చెప్పారు. భయపడ్డాను.

హెర్బర్ట్ నా గ్లాసులోనే కాఫీ తాగారు. నేను చూసేటట్టు, మొత్తం. బాగుంది కానీ పక్క ఇంకా హాల్లోనే ఉంది.

ఆగస్టు 13

"మిషన్ పాడవలేదు సార్" అని వామన్‌రావు సార్‌కు చెప్పాను. మిగతాది కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు, మళ్ళీ తుడిచారు. "బిచ్చయ్య కేసుల సర్కారు కౌంటర్‌కు రిప్లై రేపటికి కావాలె" అన్నారు. ఉద్యోగం ఉందనో, రేపటి దాకా ఉందనో తెలియలేదు. కూర్చుని కొట్టాను. ఎ లు మధ్యవేలితో. ముప్పై రెండు.

ఆగస్టు 16, ఆదివారం

చర్చికి ముందు. ముగ్గురం హాల్లో. షటిల్ ఈక.

హెర్బర్ట్ కళ్ళు మూసుకుని కూర్చున్నారు, పరీక్ష రాసే పిల్లాడిలా బిగుసుకుని. ఒకచోట, పాదం మీద, ఆలస్యంగా చూపించారు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఆలస్యమే. "చక్కిలిగింత ఆపుకుంటున్న" అన్నారు. బుధవారం డాక్టరమ్మ చూస్తుంది. ఆపుకున్నారో లేదో అప్పుడు తెలుస్తుంది.

లోయిస్‌కు పద్దెనిమిదికి పద్దెనిమిది. బెల్లం ముక్క కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. నోట్లో వేసుకోకముందే చెప్పాను.

"ఇది ఆట గాదు లోయిస్."

చెప్పాను. జబ్బు పేరు చెప్పాను, అమ్మమ్మ సంగతి చెప్పాను, నా వేలి సంగతి చెప్పాను. బెల్లం దాని చేతిలో కరిగి జిగటగా అయింది.

"మరి అమ్మమ్మకెవరు పెట్టేటోళ్ళు ఈక?"

"ఎవ్వరు పెట్టలే."

అది చెయ్యి గౌనుకు తుడుచుకుని నా చేతిలోంచి ఈక తీసుకుంది. "కళ్ళు మూసుకో" అంది. మూసుకున్నాను. కుడిచెయ్యి తెలిసింది. మెడ తెలిసింది. తర్వాత ఏమీ లేదు. హాల్లో గడియారం కొట్టుకుంటోంది, హెర్బర్ట్ ఊపిరి వినిపిస్తోంది. మణికట్టు దగ్గర వేలు పెట్టి "ఇక్కడ" అందామని నోటి దాకా వచ్చింది.

"తగిలిందా మమ్మీ?"

"లేదు" అన్నాను. "నాకు తెల్వలే."